పెరుగు తోడుకున్న ఊరు

“పాలు తోడేసినవా?” అన్నాడు మా ఆయన సారయ్య, దవాఖాన మంచం మీద.

“ఏసిన గని, నువ్వు జర పండుకో,” అన్నాను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. తెల్లారేసరికి ఆయన లేడు. ఈ సంగతి విన్నవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. ఆయన టూరిస్టు బస్సు డ్రైవరు, నేను అదే బస్సులో వంటమనిషిని. మా ఉద్యోగంలో అంతకంటే పెద్ద ప్రశ్న లేదు. ఎందుకో చెబుతాను.

కరోనా పోయాక వచ్చిన మొదటి చలికాలంలో హన్మకొండలోని మా సేటు నన్ను హెడ్ కుక్‌ను చేశాడు. నా కింద ఎవరూ లేరు, అయినా హోదా హోదానే. మాకిచ్చిన పని బేస్ వెతకడం. ఒక ఊళ్లో గదులు తీసుకుని, పొయ్యి పెట్టుకుని, పగలంతా చుట్టుపక్కల తిరిగి, రాత్రికి మళ్లీ అక్కడికే చేరతారు. ఆ ఊరిని బేస్ అంటారు. సముద్రం వైపు బాపట్ల, అడవి వైపు తాడ్వాయి, రెండూ చూసి ఒకటి ఖాయం చేయాలి. ఏదీ కుదరకపోతే బస్సును పెళ్లిళ్లకు తిప్పుతానన్నాడు సేటు. పెళ్లి బస్సుకు డ్రైవరు కావాలి గానీ వంటమనిషి ఎందుకు? ఆయన ఉద్యోగం ఉంటుంది, నాది ఊడుతుంది. నేను పొద్దంతా ఇంట్లోనే ఉంటానన్న ఆలోచనకు నాకంటే ఆయనే ఎక్కువ బెదిరాడు.

ఊరు నచ్చిందో లేదో చెప్పాల్సింది రాజేశ్వరమ్మ గారు. వరంగల్‌లో పెద్ద బట్టల దుకాణం వాళ్ల అమ్మ. ఆమె సరే అంటే బజారులో సగం కుటుంబాలు బస్సెక్కుతాయి. గట్టి మడి మనిషి. గిన్నెకు ఎవరి కొంగు తగిలినా అందులోది ముట్టదు. పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే కాదు.

ఆమెనూ, వెంట వచ్చినవాళ్లనూ, సేటునూ ఎక్కించుకుని ముందు బాపట్ల పోయాం. అక్కడ అందరూ అలల్లో ఎగిరారు. నేను ఇంట్లో వేసినంత తోడే వేశాను. ఆ వెచ్చటి సముద్రపు గాలికి తెల్లారేసరికి పెరుగు పులిసిపోయింది. రాజేశ్వరమ్మ గారు ఒక్క ముద్ద తిని, “సముద్రం మంచిగనే ఉంది. తీస్కపోయి ఇంకెవలికన్న సూపెట్టు,” అని సేటుతో అన్నారు.

తాడ్వాయిలో ఇంకో తంటా. ఆ చలికి పాలు తెల్లారినా పాలలాగే ఉన్నాయి. ఆ రోజు లక్నవరం చెరువు ప్రయాణం, మధ్యాహ్నం అక్కడే భోజనం. మా ఆయనే ఉపాయం చెప్పాడు. పాత బస్సు కాబట్టి డ్రైవరు పక్కన ఇంజను మూత వెచ్చగా ఉంటుంది. స్టీలు డబ్బాను దుప్పట్లో చుట్టి దాని మీద పెట్టాను.

బస్సు కదలబోతుంటే రాజేశ్వరమ్మ గారు ముందుకొచ్చారు. చలికి మోకాళ్లు పట్టేశాయట. దుప్పటి చూసి, దాని మీదే కూర్చున్నారు.

లేవమంటే ఎందుకో చెప్పాలి, చెబితే ఇక నా చేతి నీళ్లు కూడా తాగరు.

“అమ్మా, ఆడ ఇంజను కాలుతది, లేవుండ్రి,” అన్నాడు మా ఆయన.

“కాలుతదనే కూసున్న. నువ్వు రోడ్డు సూడు.”

ఇక ఆయన పెళ్లికూతుర్ని తీసుకుపోతున్నట్టు నడిపాడు. మేకల మంద మమ్మల్ని దాటిపోయింది. వెనక నుంచి సేటు, “సారన్నా, డీజిల్ అయిపోయిందా, నెట్టాల్నా?” అని అరిచాడు.

“చెట్లు సూస్తరని మెల్లగ పోతాన సేటూ!”

భోజనాల దగ్గర పెరుగు తోడుకోలేదని చెప్పేశాను. “తే, సూద్దాం,” అన్నారామె. తప్పక తెచ్చాను. మూత తీస్తే కత్తితో కోయొచ్చు, అంత గట్టిగా ఉంది. రెండుసార్లు వేయించుకున్నారు. చెరువు వైపైనా చూడకుండా, “సేటూ, తాడ్వాయే ఖాయం చెయ్,” అన్నారు.

వరంగల్‌లో దిగేటప్పుడు నన్ను పక్కకు పిలిచారు. “లచ్చమ్మా, ఇంకోపారి రెండు దుప్పట్లు కప్పు. ఆ డబ్బా మూత అంచు లక్నవరం దాంక గుచ్చుకుంటనే ఉండె.”

“మరి ఎట్ల తిన్నరమ్మా?”

“నేను కూసున్నది మూత మీద, పెరుగు మీద కాదు గదా. మా కోడళ్లకు మాత్రం జెప్పకు.”

ఆ ప్రయాణంలో నేర్చుకున్నది ఇంతే. కొత్త ఊళ్లో బేస్ పెడితే మొదటి రాత్రే పాలు తోడేసి చూడాలి. సముద్రం దగ్గర తోడు తగ్గించి, పొద్దుపోయాక వేయాలి. అడవిలో వెచ్చని చోటు ముందే చూసుకోవాలి. చెరువులూ అలలూ ఆ తర్వాత.

ఇగ చాలు రజితా, నేను చెప్పింది రాసి రాసి చెయ్యి నొస్తాందేమో. మొదటికెల్లి పెద్దగ చదువు బిడ్డా, ఏం రాసినవో వింట.