పదిహేనో గుంటలో స్క్రూ

మా మేనమామను ఊరంతా సౌండు డాక్టరంటుంది. మెయిన్‌రోడ్డు మీద ఒకే షట్టరున్న కొట్లో ఇరవై ఆరేళ్లుగా కార్లకు స్టీరియోలు బిగిస్తున్నాడు. ఎంతటి కారైనా సరే, డ్యాష్‌బోర్డు నడిమి భాగం విప్పి, వైర్లు లోపల దాచి మళ్లీ మూశాడంటే విప్పిన జాడే కనిపించదు. అంతటి మనిషిని మా అమ్మ మాత్రం "ఒరే మిగులూ" అని పిలుస్తుంది.

తొమ్మిదేళ్లప్పుడు ఆయన ఇంట్లో రేడియో విప్పాడట. తిరిగి బిగించాక ఒక స్క్రూ మిగిలింది, రేడియో మాత్రం మళ్లీ నోరెత్తలేదు. పాటలంటే చెవి కోసుకునే అమ్మ నెల రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున ఆ పేరుతోనే మొదలుపెట్టింది. ఇప్పటికీ కొట్టుకు ఫోన్ చేసి, కస్టమర్లకు వినబడేంత గట్టిగా "మిగులూ, భోంచేశావా?" అని అడుగుతుంది. స్క్రూలు బిగించి బతికేవాడికి అంతకన్నా అప్రతిష్ఠ ఏముంటుంది?

యాభై ఎనిమిదేళ్ల వయసులో అమ్మ పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుని, ఒక పాత కారు కొంది. అందులో స్టీరియో పాడైపోయి ఉంది. సెలవు రోజు పొద్దున్నే మామయ్య పనిముట్ల సంచీతో గేటు ముందు ప్రత్యక్షమయ్యాడు.

"నీ బండికి నేను పెడతానక్కా."

"నువ్వా? ఎన్ని మిగులుస్తావు?"

"పందెం! ఒక్కటి మిగిలినా చచ్చేదాకా మిగులునే. మిగలకపోతే నన్ను నా పేరుతో పిలవాలి. వీధంతా వినబడేలా."

"పిలుస్తాలే, ముందు విప్పు."

అమ్మ గేటు పక్కన కుర్చీ వేసుకుని పరీక్ష హాల్లో పంతులమ్మలా కూర్చుంది. మామయ్య నవ్వుతూనే ఉన్నాడు గానీ బ్యాటరీ తీగ ఊడదీసేముందు అరచేతులు రెండుసార్లు చొక్కాకు తుడుచుకున్నాడు. ఆయనకిది సరదా పందెం కాదని నాకప్పుడే అర్థమైంది.

ఆయన పనికి ఒక పద్ధతుంది. పక్కన గుడ్ల అట్ట పెట్టుకుంటాడు. ఊడదీసిన స్క్రూలు వరసగా ఒక్కో గుంటలో ఒక్కోటి వేస్తూ పైకి లెక్కపెడతాడు. గేరు పిడి తిప్పి తీశాడు. వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీకి గుడ్డ చుట్టి డ్యాష్‌బోర్డు సందులోకి జొనిపాడు. "లాగకూడదు, బతిమాలాలి" అని నాతో అని, "రామ్మా, మెల్లిగా, నా బంగారం" అని ప్లాస్టిక్కును బుజ్జగించాడు. లోపలి క్లిప్పులు టిక్కు, టిక్కు, టిక్కుమని వదులుకున్నాయి.

"ఎన్నయ్యాయిరా?"

"తొమ్మిది... కాదు, పది. అక్కా, లెక్కలో ఉన్నప్పుడు మాట్లాడించకు!"

"పన్నెండా?"

"అక్కా!"

నేను పగలబడి నవ్వాను. పద్నాలుగు దగ్గర లెక్క ఆగింది. నడిమి భాగం మొత్తం చేతుల్లోకి వచ్చింది, వెనక వైర్లు పేగుల్లా వేలాడాయి. అమ్మ కంగారుపడి లేచి నిలబడింది. తర్వాత తనే వెళ్లి మంచినీళ్లు తెచ్చి, గ్లాసు గుడ్ల అట్ట పక్కన పెట్టింది.

రెండు గంటల్లో కొత్త స్టీరియో కూర్చుంది. క్లిప్పులన్నీ మళ్లీ టిక్కుటిక్కున పట్టుకున్నాయి. మామయ్య బ్యాటరీ తగిలించి మీట నొక్కాడు. కారు నాలుగు తలుపుల్లోంచి ఒకేసారి పాట ఎగజిమ్మింది! అమ్మ భుజాలు ఆమె మాట వినకుండా ఊగాయి. మామయ్య కారు చుట్టూ గంతులేస్తూ వచ్చి, ఖాళీ అట్ట చూపించడానికి చేతిలోకి తీసుకున్నాడు.

పదిహేనో గుంటలో ఒక స్క్రూ ఉంది.

పాట సాగుతూనే ఉంది, మామయ్య మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. చిన్న ఇత్తడి స్క్రూ, తల మీద ఒకటే గీత. "మనం తీసినవన్నీ ప్లస్ గుర్తువే! ముందు ఎవడో తలమాసినవాడు ఈ బండి విప్పి ఏదో ఒకటి బిగించుంటాడు" అని గొణుక్కుంటూ అంతా మళ్లీ విప్పాడు. టార్చి నోట్లో కరుచుకుని ప్రతి రంధ్రంలోకీ తొంగి చూశాడు. ఒక్కటీ ఖాళీ లేదు. మళ్లీ బిగించాడు. మనసొప్పక మళ్లీ విప్పబోయాడు. ఈసారి ప్లాస్టిక్కును బతిమాలనైనా లేదు. "నాకు పని రాదేమో అక్కా" అన్నాడు చివరికి, అచ్చం తొమ్మిదేళ్ల పిల్లాడి గొంతుతో.

అంతవరకూ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న అమ్మ ఇక ఆపుకోలేకపోయింది. కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది.

"ఒరే సన్నాసీ! అది కారుది కాదురా. ఆ రేడియోది!"

నీళ్లు తెచ్చినప్పుడు గుంటలో వేసింది తనేనట. మామయ్య స్క్రూను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్నేళ్లు దాచావా?"

"రేడియో పారేశాను గానీ దీన్ని పారేయబుద్ధి కాలేదురా. నీ మొదటి పని కదా!"

ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, "అయితే ఏమీ మిగల్లేదు. నేనే గెలిచాను" అని ముక్కు ఎగబీల్చాడు. నాకూ నవ్వుతోపాటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మ మాట తప్పే మనిషి కాదు. వంటింట్లో కంచాలు పెట్టి, వాకిట్లోకొచ్చి, వీధంతా వినబడేలా తమ్ముణ్ణి అసలు పేరుతో అన్నానికి పిలిచింది. గేటు దగ్గర పనిముట్లు సర్దుకుంటున్న మామయ్య తలెత్తలేదు. మళ్లీ పిలిచింది. ఎదురింటాయన కిటికీలోంచి తొంగి చూశాడు గానీ మామయ్య పాటకు ఈలవేస్తూ సంచీ కట్టుకుంటున్నాడు. మూడోసారికి అమ్మ గొంతు బొంగురుపోయింది.

"ఒరే మిగులూ!"

"ఆఁ, వస్తున్నానక్కా!" అంటూ మామయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు.