వెనక చెయ్యి

ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో పనిచేసే ఎలక్ట్రీషియన్లకు శిక్షణ ఇచ్చే విఠల్ సారు దేన్నైనా ముందు చేతి వెనకవైపుతోనే తాకుతాడు. తలుపు గొళ్లెం, కుర్చీ, టీ గ్లాసు, చివరికి బోర్డు మీద లైట్ల లోడు లెక్క కట్టే చాక్‌పీసు కూడా. ఇళ్లకు వైరింగ్ చేసిన రోజుల నాటి అలవాటది. అలా తాకితే, షాక్ కొట్టినా వేళ్లు ముడుచుకుని తీగను పట్టేసుకోవు. హైటెన్షన్ కేబుల్ దగ్గర మాత్రం ఆ ఉపాయం పనికిరాదని, చెయ్యి వెనక్కి తీసుకునేంత సమయం ఉండదని మొదటిరోజే చెబుతాడు.

ఆ ఉదయం షెడ్డులో పదకొండు వేల ఓల్టుల కేబుల్ చివర విప్పి ఉంది. సప్లై ఆపారు. కేబుల్లో మిగిలిన కరెంటును ఇంకా భూమిలోకి దింపలేదు. అందుకు వాడే ఎర్తింగ్ కర్ర కోసం సారు పక్కకు తిరిగాడు. మళ్లీ చూసేసరికి, బోరబండ నుంచి శిక్షణకు వచ్చే నవనీత కేబుల్ మీదికి వంగి ఉంది. ఆమె చేతి వెనకవైపు రాగితీగకు బెత్తెడు దూరంలో ఉంది.

"ఆగు! చెయ్యి ఎనకకు తీయ్!"

ఆమె ఉలిక్కిపడి జరిగింది. సారు కర్రను తీగకు ఆనించాడు. టప్పుమని నీలిమంట లేచింది.

"ఎవలు చెప్పిండ్రు నీకు గట్ల ముట్టమని?" సారు గద్దించాడు.

"ఎవలు చెప్పలే సార్. మీరు దినాం గట్లనే ముడతరు గద."

కాసేపటికి టీ వచ్చింది. పొగలు కక్కుతున్న గ్లాసును సారు ఈసారి అందరి ఎదుటా నేరుగా నిండు అరచేత్తో పట్టుకున్నాడు. చివరి గుక్కదాకా వదల్లేదు.