చలి చెప్పే గొట్టం

పరిగాబాయి ఆ గొట్టాన్ని జరిపిన మాట నిజమే. అయితే ఏం, ఎవరి సొమ్మూ తినలేదు కదా!

నిఫాడ్ దగ్గర ఆ ఊళ్లో నలభైమంది ద్రాక్ష రైతులు కలిసి కొనుక్కున్న వాతావరణ యంత్రం అది. ఇనప గొట్టం, దానికో డబ్బా, ఎండతో నడిచే పలక. అన్ని తోటలకూ నడిమధ్యని ఆమె పొలం ఎగువ గట్టు మీదే పాతారు. చలి ముదిరేముందు అందరి ఫోన్లూ మోగుతాయి. లేచి తోటలో మంటలు వేసుకోవాలి, లేకపోతే కాయ పగిలిపోతుంది. దాన్ని తుడిచి పెట్టే పని, ఊరంతా కాకూ, అంటే పిన్ని, అని పిలిచే పరిగాబాయిదే.

ఆమె తీగలు మాత్రం దిగువన, వాగు పక్క పల్లంలో ఉన్నాయి. చలి అక్కడ ముందే దిగుతుంది. గట్టు మీది యంత్రానికి ఆ గొడవే పట్టదు. భర్త పోయాక పదకొండు చలికాలాలు తెల్లవారుజామున మూడింటికే లేచి, ఆకుల్ని చేత్తో తాకి చూసుకుంది పాపం. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి. ఒక్క చలికాలమైనా కంటినిండా నిద్రపోవాలనిపించింది. గొట్టం పీకి భుజాన వేసుకుని పల్లంలో పాతింది.

ఆరు రోజులు ఊరంతా ఉత్తపుణ్యానికి మంటలు వేసింది. ఏడో రోజు పొద్దున్నే ఎగువ తోట కచరూ కళ్లు నులుముకుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏంటి కాకూ నీ యంత్రం! మా తోటలో చెమటలు పోస్తుంటే చలి, చలి అని ఒకటే మోత. పొయ్యిలోకి పుల్ల మిగల్లేదు. మా ఆవిడ నన్నే పొయ్యిలో పెట్టేట్టుంది!"

ఆమె చాయ్ ఇచ్చింది. ఇంతలో యంత్రాల కంపెనీ నుంచి నీలేశ్ ఫోను. చెవి సరిగా వినబడదని ఆమె ఎప్పుడూ స్పీకర్లోనే పెడుతుంది.

"కాకూ, గొట్టం ఉండాల్సిన చోట లేదని ఉపగ్రహం చూపిస్తోంది. మూడొందల అడుగులు కిందకి పోయింది. ఎవరన్నా ఎత్తుకెళ్లారా?"

"ఎవరూ కాదు నాయనా, నేనే మోసుకెళ్లా. నిద్ర చాలక."

కచరూ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వా! అడిగితే పల్లానికి ఇంకోటి కొనేవాళ్లం కదా?"

"రెండేళ్లు అడిగాను కదరా. 'చూద్దాంలే కాకూ' అన్నది నువ్వే."

అతను తల దించుకున్నాడు. లేచి వెళ్లి, తనే గొట్టం మోసుకొచ్చి గట్టు మీద పాతాడు. మట్టి తొక్కి చేతులు దులుపుకుంటూ, "వచ్చే ఏడు తప్పకుండా చూద్దాంలే కాకూ" అన్నాడు.

"అలాగే" అంది పరిగాబాయి. ఫోన్‌లో మూడు గంటలకు అలారం పెట్టుకుంది.