నాన్న పోయారని చెప్పాను

ఆ ఉదయం అమలాపురంలో నేను అద్దెకున్న ఇంటి వసారాలో ఉన్నవాళ్లు నలుగురు: ఇంటావిడ, అత్తవారింటికి బయల్దేరుతున్న ఆవిడ కూతురు, మా అమ్మ, నేను. ఉన్న సామాను: రెండు ట్రంకుపెట్టెలు, సారె బుట్ట, మా అమ్మ చేతిసంచి, అందులో నా కోసం నాన్న కుట్టిన చొక్కా. ఆరేళ్లుగా ఇదంతా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. అదీ ఒక పిరికితనమే.

మా నాన్న సఖినేటిపల్లిలో దర్జీ. మా క్రైస్తవ సహవాసంలో పెద్ద. మాలో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు, నగలూ గాజులూ వేసుకోరు, పువ్వులు తురుముకోరు. భర్త ఉన్నా లేకపోయినా ఆ నుదురు అలాగే ఉంటుంది. ప్రభువును నమ్ముకున్నదానికి మా అమ్మకు తెలిసిన గుర్తు అది.

నేను పాలిటెక్నిక్ చదివి, కాలవ పనుల మీద సూపర్‌వైజరుగా అమలాపురం వచ్చి గది వెతుక్కున్నాను. ఇంటాయన రిటైరైన సంస్కృతం మాస్టారు. మడి ఆచారాల ఇల్లు. క్రైస్తవులకు గది ఇవ్వరు. నా పేరు ఎటైనా చెల్లే పేరు. ఏదో కులం చెప్పాను, నమ్మారు. గోత్రాలూ నక్షత్రాలూ వేళ్ల మీద లెక్కగట్టే మనుషులు ఇంట్లో తిరుగుతున్న అబద్ధాన్ని పట్టుకోలేకపోయారని లోపల నవ్వుకునేవాణ్ని. మాస్టారి వెంట వాడపల్లి గుడికి వెళ్లి తీర్థం కూడా పుచ్చుకున్నాను. వాళ్ల దేవుడి మీద నమ్మకం లేదు, మా దేవుడి మీద భయం లేదు. ఇలాంటివాణ్ని ఏమంటారు? మంచి కుర్రాడంటారు.

అమ్మ కబురు లేకుండా వచ్చింది. ఇంటావిడ ఆమె నుదురు చూసింది. బోసి చేతులు చూసింది.

"అయ్యో, నాన్నగారు పోయేరని ఒక్కనాడూ చెప్పలేదేం బాబూ? ఎన్నాళ్లయింది?"

ఉన్నారండీ, మేం క్రైస్తవులం అంటే సరిపోయేది. గది పోయేది, అంతే. ఎంతసేపు ఆలోచించాను? ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే కాస్త గౌరవమైనా దక్కేది.

"రెండేళ్లయిందండీ."

"ఏం జబ్బు చేసిందో?"

"గుండెనొప్పండీ."

అమ్మ నా వైపు చూసింది. ఆమె నోరు తెరిస్తే నా గది పోతుంది, తెరవకపోతే ప్రభువు ముందు ఆమె సాక్ష్యం పోతుంది. అది ఆమెకు తెలుసు. ఇంటావిడ ఎంతో మర్యాదగా అంది:

"ఏమీ అనుకోకండమ్మా. పిల్ల బయల్దేరే వేళ, ఎదురు రాకుండా కాస్త పెరటివైపు కూర్చుంటారా? కాఫీ అక్కడికే పంపుతాను."

"ఆయ్, అలాగేనండీ," అంది అమ్మ.

సంచి తీసుకుని పెరట్లోకి వెళ్లింది. నేను పెట్టెలు రిక్షాలోకి ఎక్కించాను.

బస్సు దగ్గర అమ్మ ఒక్క మాటే అంది. "మీ నాన్నకి నేను చెప్పనురా. నువ్వే చెప్పు."

చెప్పలేదు. ఆ ఆదివారం నుంచి ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర అందరూ పంచుకునే రొట్టె, ద్రాక్షరసం తన దాకా వస్తే అమ్మ పక్కవాళ్లకు అందించేసేది. అబద్ధానికి తోడు కూర్చున్న మనిషి అది ఒప్పుకోకుండా తీసుకోకూడదని ఆమె లెక్క. ఒప్పుకోవాలంటే నన్ను బయటపెట్టాలి. మీ అమ్మకేమైందిరా అని నాన్న నన్నే అడిగారు. తెలియదన్నాను. కొలత తీసుకుంటున్నట్టు నా భుజాల వైపు చూశారు.

నాలుగేళ్లకు నాన్న నిజంగానే పోయారు. ఇంటావిడకు ఏమని చెప్పను? ఆ ఇంట్లో ఆయన ఎప్పుడో పోయినవాడు. బాబాయి పోయాడన్నాను. మైల గడిచాకే రమ్మంది, తలూపాను. సమాధి దగ్గర అందరూ కీర్తన పాడుతుంటే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? ఇక ఆ అబద్ధాన్ని ఎవరూ పట్టుకోలేరని. శవం ముందు నిలబడి ఊరట పడ్డాను. మాస్టారి మడిని వెక్కిరించినవాణ్ని నేనే.

క్షమాపణ కోసం ఇది రాయలేదు. అమ్మను అడగలేదు. ఇప్పటికీ ఆ రొట్టె ఆమె చేతుల మీదుగా పక్కవాళ్లకు వెళ్తుంది. ఒక్కరికైనా చెప్పాను కాబట్టి ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఇంటావిడకు నేను చెప్పిన ప్రకారం మా నాన్న పోయింది యాభై రెండేళ్లకు. నిజంగా పోయింది యాభై ఎనిమిదేళ్లకు.