రాడార్‌లో కన్ను

రాడార్ బొమ్మలో తుఫాను అందంగా ఉంటుంది. అనడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, నిజం. నల్లటి సముద్రం మీద గాజులా ఒక ఎర్రటి వలయం, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీయే కన్ను. అక్కడ గాలి పెద్దగా ఉండదు. కొంపలు ముంచేదంతా చుట్టూ ఉన్న ఎర్రటి గోడే.

తుఫానుకి ముందురోజు గార్డెన్ రీచ్‌లో మా ఇంట్లో అమ్మకి ఫోన్లో అదే చూపించాను.

"ఏటే అది, నడిమిన బొక్క?" అంది.

"దాని కన్ను."

"ఎవుల మీద పడతాదో ఆ కన్ను," అంటూ అమ్మ ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం సర్దుకుంది.

అమ్మ ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం పక్కన పెట్టిన మిషన్ కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే ఉన్నది ఒక్క చిన్న సిలిండరే. సాల్ట్ లేక్‌లో నా ఫ్లాట్‌కి రమ్మని బతిమాలాను, ఆనక అరిచాను. "గాలికి భయపడి ఇల్లొగ్గీసి ఎల్తామేటి?" అంది. నా మొండితనం ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. తమ్ముడు దగ్గరుంటానన్నాడు. నాకు పొద్దున్నే ఆఫీసు, కోపంతోనే వచ్చేశాను.

తెల్లారేసరికి ఆఫీసూ లేదు, బస్సులూ లేవు, ఆటోలూ లేవు. అమ్మ ఊరికి ఆ చివర, నేను ఈ చివర. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోనే తిరుగుతూ ఫోన్ చూస్తున్నాను. మధ్యాహ్నం ఎర్రటి గోడ తీరాన్ని తాకింది. నేల తగిలిన వైపు వలయం కాస్త చిరిగింది. తూర్పు వైపు మాత్రం ఇంకా చిక్కగానే ఉంది. ఆ చిరుగు చూసి సంతోషించేలోపే కరెంటు పోయింది, నెట్ పోయింది. బొమ్మ అక్కడే నిలిచిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా అదే కన్ను, తెరుచుకుని నావైపే చూస్తోంది.

సాయంత్రం తమ్ముడి ఫోన్ వచ్చింది. వెనక గాలి హోరు.

"అక్కా, కన్ను మూసేసింది..."

లైను తెగింది.

ఎవరు అని అడగాల్సిన పనేముంది? ఆ మాట మనం మనుషులకే అంటాం. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాను. కింద గ్రిల్ గేటుకి తాళం. వాచ్‌మన్ దాదా అడ్డంగా నిలబడి, "దీదీ, ఎఖోన్ జాబేన్ నా!" అని, ఇప్పుడు వెళ్ళొద్దంటూ వీధిలోకి చూపించాడు. చెట్టు పడి ఉంది, దాని కింద కరెంటు తీగలు. "మా అమ్మ పోయింది, తప్పుకో!" అని ఆయన మీద తెలుగులోనే అరిచాను. ఏం అర్థమైందో ఏమో, తాళం తీయలేదు గానీ తన స్టూలు నావైపు జరిపాడు. దాని మీద కూలబడి ఏడుస్తూ, తమ్ముడి నంబరు నొక్కుతూనే ఉన్నాను.

చివరికి మోగింది. ఎత్తింది అమ్మ.

"ఏటే, అన్ని ఫోన్లు? సిలిండరు బాగానే నడస్తంది. గాలి తగ్గినాది. తుఫాను కన్ను మూసీసినాదని ఈడు ఒకటే గెంతులు."

మూసుకుపోయింది అనాలిరా, మూసుకుపోయింది! మూసుకుపోతే తుఫాను నీరసపడ్డట్టు. మూసేస్తే మనిషి పోయినట్టు. ఇక్కడే పుట్టి బెంగాలీ బళ్లో చదివినవాడికి అన్నానికీ మందులకీ సరిపడా తెలుగే వచ్చు, ఈ తేడా ఎక్కడ తెలుస్తుంది? నాలుగు దులుపుదామని నోరు తెరిస్తే ఏడుపే బయటికొచ్చింది.

"ఏడుస్తన్నావేటి?"

"లేదమ్మా. ఏదో ఒకటి మాట్లాడు."

"ఏటి మాటాడమంతావు?" అంటూనే, కిటికీ రెక్క బిగించలేదని తమ్ముణ్ణి, నిన్న అన్నం తినకుండా పోయానని నన్ను తిట్టడం మొదలెట్టింది. మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది. ఆగినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టి, మళ్ళీ తిట్టు వినపడ్డాకే వదిలాను.