కార్పెట్ మీద అడుగుల చప్పుడు

బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఒక్క ముక్క కూడా కల్పించలేదు. కల్పించడం చేతకాక కాదు... డిటెక్టివ్ నవల రాసినదాన్ని నేను. కల్పించాలనుకుంటే ఇంతకంటే బాగానే కల్పిస్తాను.

తొంభయ్యో, తొంభై ఒకటో. సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో ఓ పాత ఇంట్లో ఉండేవాళ్లం. నేనూ, మా ఆయన డేవిడ్, ఇద్దరమే. ఆయన హాస్పిటల్లో నర్సు. నేను పగలంతా ఆఫీసులో టైపు చేసి, రాత్రిళ్లు ఇంగ్లిష్‌లో ఓ నవల రాశాను. ఒక చిన్న సంస్థ అచ్చేసింది. ఇక్కడ నరమానవుడు కూడా పట్టించుకోలేదు. కానీ టోక్యోలో ఒక ప్రచురణ సంస్థ ఉంది. వాళ్లు వేసేవి అనువాదాలే, అందులోనూ సైన్స్ ఫిక్షన్, మిస్టరీ మాత్రమే. వాళ్లకి నచ్చింది! ఇక నా కాళ్లు నేల మీద ఆగలేదు.

అప్పుడు అక్కడి ఎడిటర్ తనాకా గారు ఫోన్ చేశారు. "మా పుస్తకాల మొదట్లో ఇంటి ప్లాను వేస్తామండీ. పాఠకులు దాన్ని ముందు పెట్టుకుని ప్రతిదీ సరిచూస్తారు" అన్నారావిడ, ఎంతో మర్యాదగా. ఆ తర్వాత అసలు సంగతి. నా నవలలో హంతకుడు రాత్రిపూట చెప్పుల్లేకుండా నడవాలో నడుస్తాడు. తలుపు వేసుకుని పడుకున్న ముసలావిడ ఆ అడుగులు వింటుంది. కేసు తేలేది దానితోనే. కానీ నడవా అంతా కార్పెట్ అని రాసిందీ నేనే.

"కార్పెట్ మీద వట్టి కాళ్ల చప్పుడు వినపడుతుందా? మీరే చూసి రేపు చెప్పండి. వినపడకపోతే ఈ పుస్తకం వేయలేం."

వినపడకపోవడమేమిటి! నవలలో ఇల్లు మా ఇల్లే. కార్పెట్ కూడా మాదే. ఆ రాత్రే డేవిడ్‌ని లేపాను.

"ఈ టైములో నాచేత నడకేంటి మార్తా? రేపు మార్నింగ్ షిఫ్ట్ నాకు."

"జపానోళ్లకి యెస్సో నోవో చెప్పాలండీ. బట్టలుతికే లాండ్రీ రూమ్ కాడ్నించి మన బెడ్రూమ్ దాకా, నార్మల్‌గా నడవండి చాలు."

తలుపు వేసి, లైటు తీసి పడుకున్నాను. ఫ్రిజ్ గుర్రుమంటోంది. అంతే.

"నడిచారా?"

"నడిచొచ్చి డోర్ దగ్గరే నుంచున్నా కదే!"

మళ్లీ నడిపించాను. మళ్లీ ఏమీ లేదు.  ఇన్నాళ్ల కష్టం ఒక కార్పెట్ దగ్గర పోతుందా అని ఏడుపొచ్చింది. "ఇంకొక్కసారి... కాస్త గట్టిగా" అని తలుపు వేసుకున్నాను.

కళ్లు మూసుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు...

అప్పుడు... దబ్.

మెత్తగా. బరువుగా. మళ్లీ... దబ్. లాండ్రీ వైపు నుంచే. ఒక్కో అడుగూ ఆగి... ఆగి. కార్పెట్ కింద చెక్క కిర్రుమంటోంది. బాత్రూమ్ దాటింది... బీరువా దాటింది... మా తలుపు దగ్గర ఆగింది. అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. ముక్కుతో. నెమ్మదిగా.

నిజం చెప్పనా? అప్పుడు భయం వేయలేదు. సంతోషం!

"వినపడిందండీ! బ్రహ్మాండంగా వినపడింది!" అని అరిచాను.

 ఆ ఊపిరి చప్పుడు ఆగిపోయింది.

తలుపు తీశాను. నడవా ఖాళీ... చీకటి. అంతలో అటు చివర వెనక తలుపు తెరుచుకుంది. డేవిడ్ లోపలికొచ్చాడు, చేతినిండా తడి బట్టలతో.

"వాన స్టార్టయ్యింది. యూనిఫామ్ బయట తీగ మీదుందని పరిగెత్తా. సారీ మార్తా, నువ్వు పడుకో, ఇప్పుడు నడుస్తా."

 గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. అంతా విని ఆయన నవ్వేశాడు. "పాసమ్ అయ్యుంటుందిలే." పాసమ్‌లంటే పిల్లంత జంతువులు, ఇక్కడ ఇళ్ల పైకప్పుల మీద తిరుగుతాయి. వాటి గోల నాకు తెలీదా, రోజూ వినేదే! ఆ అడుగులు పైనుంచి రాలేదు. అంత నవ్వినాయన ఆ రాత్రి లైటు మాత్రం ఆర్పనివ్వలేదు. మళ్లీ నడవమని నేనూ అడగలేదు.

పొద్దున తనాకా గారికి ఫోన్ చేసి "వినపడుతుంది" అన్నాను. ధీమాగానే అన్నాను. అబద్ధం కాదు కదా, విన్నాను! పుస్తకం వచ్చింది.

కొన్ని నెలల తర్వాత ఆవిడే ఫోన్ చేశారు. పుస్తకం బాగా పోతోందట. కొందరు పాఠకులు ఇళ్లలో పరీక్ష కూడా చేశారట. "కార్పెట్ మీద ఏమీ వినపడటం లేదంటున్నారు" అన్నారు. నా ముఖం మాడిపోయింది. "కానీ ఒకావిడ మాత్రం మీ మాటే నిజమన్నారు. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగడం కూడా స్పష్టంగా వినపడిందట."

"చూశారా!" అన్నాను. "నడిచింది ఎవరట? వాళ్లాయనా?"

అటువైపు ఉత్తరం తిరగేస్తున్న చప్పుడు...

"ఆవిడ ఒంటరిగా ఉంటారండీ."

ఆ నడిచిందేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. వినపడుతుందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.