మూడిళ్ల గోలీలు

మా అమ్మ మంచి మనిషి కాదు. ఈ మాట రాయడానికి నాకేమీ జంకు లేదు, ఎందుకంటే మతి ఉన్న రోజుల్లో తన గురించి తనే ఈ మాట చెప్పుకునేది. ముగ్గురం ఆడపిల్లలమే. కొడుకు లేడన్న కసినంతా మా వీపుల మీద తీర్చుకుంది. పప్పు మాడగొట్టానని అట్లకాడ కాల్చి పెట్టిన వాత నా ఎడమ మోచేతి కింద ఇప్పటికీ ఉంది. అలాంటి మనిషి డెబ్బై దాటాక మతిమరుపు జబ్బుతో పసిపిల్ల అయిపోయి, నా చెయ్యి పట్టుకుని "మా అమ్మ ఎప్పుడొస్తది?" అని అడిగితే జాలి కలగాలి కదా. కలిగింది. దాంతోపాటు, బాగా అయింది అని కూడా అనిపించింది.

అక్కది సూర్యాపేట, నాది కోదాడ, చెల్లెలిది మిర్యాలగూడ. నాన్న పోయాక అమ్మను చూసుకోవడానికి వంతులు వేసుకున్నాం. ఒక్కో ఇంట్లో రెండు నెలలు. అమావాస్య వెళ్లిన మూడో నాడు వంతు మారేది. అది మంగళవారమో శుక్రవారమో పడితే ఒక రోజు జరిపేవాళ్లం, ఇంటి ఆడమనిషిని ఆ రోజుల్లో గడప దాటించకూడదని. అమ్మకు వారమూ తెలియదు, తిథీ తెలియదు. మాకు మాత్రం ఆచారం తప్పేది కాదు.

ఆమెకున్నది మతిమరుపు ఒక్కటే అయితే బాగుండేది. షుగరు, బీపీ, బలహీనమైన గుండె, సగం పనిచేసే కిడ్నీలు. అక్క సూర్యాపేటలో షుగరు డాక్టరుకు చూపించేది. నేను కోదాడలో గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. చెల్లెలికి మిర్యాలగూడలో ఒక కిడ్నీ డాక్టరు మీద గురి. ఒకాయన నీళ్లు బాగా తాగించమనేవాడు, ఇంకొకాయన కొలిచి తాగించమనేవాడు. ఎవరి అవయవం వాళ్లు చూసుకునేవారు, పోతూ పోతూ షుగరుకు కూడా ఒక బిళ్ల రాసేవారు. అలా మూడిళ్లల్లో మూడు మందుల సంచులు తయారయ్యాయి. ఏ ఇంటి సంచి ఆ ఇంట్లోనే ఉండేది, అమ్మ ఒక్కతే తిరిగేది.

వంతు మారే రోజున మాకొక పద్ధతి ఉండేది. పంపే ఇల్లు పొద్దున్నే బిళ్లలు వేసి మరీ పంపేది, మా దగ్గర ఉన్నన్నాళ్లు లోటు చెయ్యలేదు అనిపించుకోవడానికి. దించుకున్న ఇల్లు మళ్లీ వేసేది, మొదటి రోజే షుగరు పెరిగితే మాట పడాల్సి వస్తుందని. మందులు వేసుకున్నావా అంటే అమ్మ "ఏస్కోలే" అనేది. అన్నం తిన్నావా అంటే "తిన్న" అనేది. రెండూ అబద్ధాలే, పాపం ఆమెకు తెలియని అబద్ధాలు. ఆ రోజు అమ్మకు చెమటలు పట్టేవి, మాట ముద్దగా వచ్చేది, చేతులు వణికేవి. ఇల్లు మారింది కదా, మతి చెదిరింది అనుకునేవాళ్లం.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఒకరోజు స్టాఫ్ రూముకు ఒక పిల్ల వచ్చింది. తుంగతుర్తి పిల్ల, నర్సు చదివింది, హైదరాబాదులో ఏదో పరిశోధన సంస్థ తరఫున ఈ మూడు ఊళ్లూ తిరుగుతోంది. మీ ఇళ్లల్లో మతిమరుపు జబ్బుతోపాటు ఇంకో రెండు మూడు దీర్ఘరోగాలున్న పెద్దవాళ్లు ఉన్నారా అని అడిగింది. మా లెక్కల మాస్టారు నవ్వి, మేడం వాళ్లమ్మకు లేని రోగం చెప్పడం తేలిక అన్నాడు. నాకు కోపం రాలేదు, అది నిజమే.

సాయంత్రం ఇంటికి వచ్చి ఆ పిల్ల అన్నీ విడమరిచి చెప్పింది. షుగరు మీద పరిశోధనకు డబ్బిచ్చేవాళ్లున్నారు, గుండెకున్నారు, కిడ్నీలకున్నారు. ఇవన్నీ ఒకే ఒంట్లో ఉండి, పైగా మతి లేని మనిషికి ఏ మందు ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని చూడటానికి మాత్రం ఇన్నాళ్లూ ఎవరూ ఇవ్వలేదట. ఇప్పుడు మొదటిసారి కొంత వచ్చింది, అదీ రెండేళ్లకే. పేరు చేర్చుకున్న వాళ్లను ఒక డాక్టరమ్మ అన్ని రోగాలూ కలిపి చూస్తుంది. మందులు తగ్గించి ఒకటే చీటీ రాస్తుంది. నెలనెలా ఈ పిల్ల వచ్చి రక్తం పరీక్ష చేస్తుంది.

"మతి పోయినోళ్లను ఏ పరిశోధనల గూడ తీస్కోరు మేడం. లెక్క చెడిపోతదని పక్కకు పెడ్తరు. గిది ఒక్కటే వాళ్ల కోసం ఒచ్చింది," అంది.

తర్వాత నా చేత అక్కకూ చెల్లెలికీ ఫోను చేయించి, వాళ్ల సంచుల్లో ఉన్న మందుల పేర్లు ఒక్కొక్కటే చదివించుకుని రాసుకుంది. రాసుకున్న కాగితం నా ముందు పెట్టి మూడు పేర్ల కింద గీత గీసింది. కంపెనీలు వేరు, అట్టల రంగులు వేరు, లోపలున్నది ఒకటే షుగరు మందు. వంతు మారే రోజు అమ్మకు పట్టే చెమటలు మతివి కావని, షుగరు పడిపోతోందని చెప్పింది. డాక్టరమ్మ చూసేదాకా ఒక్క పని చెయ్యమంది. అక్క ఇంటి నుంచి అమ్మ రాగానే అక్కకు ఫోను చేసి, పొద్దున బిళ్ల వేశారా అని అడగాలి. వేస్తే నేను వెయ్యకూడదు. అంతే. చిన్నపిల్లకు కూడా అర్థమయ్యే మాట. ఆ తర్వాత ఒక వంతుకు ఫోను చేశాను కూడా. ఆ రోజు అమ్మకు చెమటలు పట్టలేదు.

చేర్చుకోవడానికి రెండు షరతులున్నాయి. మనిషి ఆరు నెలలు ఒకే ఇంట్లో ఉండాలి. "ముఖ్య సంరక్షకులు" అన్న గడిలో ఒక్కరే సంతకం పెట్టాలి.

ఆ గడి దగ్గరే మా బండి దిగబడింది. పెద్దవూర పక్కన కాల్వ కింద అమ్మ పేరు మీద రెండెకరాలుంది. నాన్న పోయే ముందు నలుగురు పెద్దమనుషుల ఎదుట, ఆఖరు దాకా మీ అమ్మను ఎవరు చూస్తే వాళ్లకే ఆ చేను అని నోటిమాటగా అన్నాడు. కాగితం లేదు. మేం వంతులు కూడా అందుకే అంత గట్టిగా పాటించాం, రోజు తేడా రాకుండా. ఒకరు ఎక్కువ చూసినట్టు కాకూడదు కదా. ఇప్పుడు ఎవరో సర్కారు ముద్రలాంటి ముద్ర ఉన్న కాగితం తెచ్చి, అమ్మను ముఖ్యంగా చూసేదెవరో ఒక్కరి పేరు రాయమంటున్నారు.

అక్క ఇంట్లో కూర్చున్నాం. బావ వడ్ల వ్యాపారం చేస్తాడు, రాజకీయాల్లో కూడా తిరుగుతాడు, కాగితం కనిపిస్తే దాని వెనక ఇంకో కాగితం ఉందనుకునే మనిషి. ఫారం అటూ ఇటూ తిప్పి, "రేపు గీ సంతకం తహసీల్ ఆఫీసుల సూపెడితే మన గతేంది?" అన్నాడు. నర్సు పిల్ల దీనికీ భూమికీ సంబంధం లేదని ఎన్ని రకాలుగా చెప్పినా ఎవరూ వినలేదు. చివరికి బావే పరిష్కారం చెప్పాడు. ముగ్గురం ఆ ఒక్క గడిలోనే ఇరుక్కుని సంతకాలు పెట్టాం. చెల్లెలి సంతకం గీత దాటి తారీఖు మీద పడింది. మూడు సంతకాలు చెల్లవని హైదరాబాదు నుంచి ఆ ఫారం రెండు వారాల్లో తిరిగి వచ్చింది.

నేనైనా ఒక్కదాన్నే పెట్టి ఉండొచ్చు. బావ ఒప్పుకున్నాడు కూడా, అమ్మ అప్పుడు ఆరు నెలలూ నా దగ్గరే ఉండాలన్న షరతు మీద. నేను ఆలోచించి చెబుతానన్నాను. రెండు నెలలంటే ఓర్చుకోవచ్చు, ఆరు నెలలు నా వల్ల కాదు. నిజం చెప్పాలంటే నాకు ఆ చేను మీద ఆశ ఉంది, అమ్మ మీద లేదు.

తర్వాత బావ ఇంకో ఉపాయం తీశాడు. ఈ సంతకం వల్ల భూమి మీద ఎవరికీ ఏ హక్కూ రాదని స్టాంపు కాగితం రాయించాలి. మిర్యాలగూడ వకీలు ముసాయిదా రాస్తే అందులో అక్కకొక మాట నచ్చలేదు. దాన్ని మారిస్తే చెల్లెలి భర్తకు ఇంకో మాట నచ్చలేదు. నాట్లు వేసేటప్పుడు మొదలైన కాగితం కోతలయ్యేదాకా నడిచింది. నర్సు పిల్ల నాలుగుసార్లు ఫోను చేసింది. ఐదోసారి చేసి, అనుకున్నంత మంది నిండారని, ఇక కొత్తవాళ్లను చేర్చుకోవడానికి ఫండ్ లేదని చెప్పింది. తొందరపడండి అని ఆ పిల్ల అంటున్నప్పుడల్లా చూద్దాంలే అన్నది నేనే.

ఆ మాట చెప్పడానికి అక్కకు ఫోను చేసి, నీకు కావాల్సింది అమ్మ కాదు, చేను అన్నాను. అక్క ఊరుకునే మనిషి కాదు.

"చిన్నప్పుడు కొట్టిందని పగబట్టినవ్ నువ్వు. నీ ఇంట్లకెళ్లి చెల్లె కాడికి పోయినప్పుడల్ల అమ్మ ఎండిపోయి పోతదంట. అన్నం గూడ సరిగ పెడ్తలేవ్," అంది.

ఆ రోజుతో మా ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. నొప్పి ఎక్కడ పుట్టిందంటే, ఆ మాటలో సగం నిజముంది. అమ్మ అన్నం వద్దని తల తిప్పుకుంటే అక్క బతిమాలి ఇంకో నాలుగు ముద్దలు పెడుతుంది. నేను కంచం తీసేస్తాను.

తర్వాతి నా వంతుకు బావ కారులో అమ్మను పంపారు. అక్క రాలేదు. డ్రైవరు సంచి గడప దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. సమయం పదకొండు. అమ్మ కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తోంది. బిళ్లల డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఫోను పక్కనే, టీవీ మీద ఉంది. ఒక్క బటను నొక్కితే చాలు. నొక్కితే నేనే తగ్గి మాట కలిపినట్టవుతుంది. అక్క ఎత్తి, ఇప్పుడు గుర్తొచ్చిందా అంటుంది. నా ఇంట్లో అమ్మకు సరిగ్గా జరగదన్న మనిషికి, నా ఇంట్లో ఏం చెయ్యాలో అడిగినట్టవుతుంది. ఇవన్నీ ఆ రెండు నిమిషాల్లో అనుకున్నాను. తెలియక చేసింది కాదు.

అక్క వేసి ఉంటుందని నాకు తెలుసు. వేశాను.

తిన్నావా అంటే అమ్మ తిన్నానంది. సరే అన్నాను. పడుకోబెట్టి ఫ్యాను వేసి స్కూలుకు వెళ్లిపోయాను, మధ్యాహ్నం రెండు క్లాసులున్నాయి. నిద్రపోతున్నంతసేపు అమ్మ వల్ల ఎవరికీ బాధ లేదు. సాయంత్రం వచ్చేసరికి పక్కబట్టలు తడిసి ఉన్నాయి, నోటి పక్క నురగ ఆరిపోయింది, పిలిస్తే పలకలేదు. దవాఖానలో గ్లూకోజు ఎక్కించారు. ప్రాణం నిలబడింది. మెదడుకు చాలాసేపు షుగరు అందలేదని, ఇక లేవదని డాక్టరు చెప్పాడు. పొద్దున మందులేం వేశారని అడిగితే, మా అక్క వేసి పంపింది అన్నాను. అబద్ధం ఎంత చిన్నదిగా ఉందో. సగం నిజాన్ని పూర్తి నిజం చేస్తే చాలింది.

అక్క దవాఖాన మెట్ల మీద కూలబడి తలకొట్టుకుంది. తినకుండానే గోలీ వేసి కారెక్కించానని, తన చేతులతో తనే చేశానని ఏడ్చింది. నేను వెళ్లి వీపు నిమిరాను. చెప్పలేదు.

అమ్మను ఇక కదిలించే వీల్లేదు కనుక నా ఇంట్లోనే ఉండిపోయింది, వంతులు ఆగిపోయాయి. ముక్కులో గొట్టం, మూత్రానికి గొట్టం. చేను సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తితే అమ్మను కూడా ఎత్తుకోవాలి.

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఆ నర్సు పిల్ల వచ్చింది. పరిశోధనకు రెండో విడత డబ్బు మంజూరైందట, ముందుగా మేమే గుర్తొచ్చామంది. ఆ రోజు అక్క అమ్మను చూడటానికి వచ్చి ఉంది. ఇంటి గురించి అడిగితే, ఇప్పుడు ఒకే ఇల్లు, కదలదు అన్నాను. పిల్ల ముఖం వెలిగింది. లోపలికి వెళ్లి అమ్మను చూసి, బయటికి వచ్చి కాసేపు కాగితాలు సర్దుకుంది. చేర్చుకోవాలంటే మనిషి నోటితో తినగలగాలి, పిలిస్తే పలకాలి, కనీసం లేచి కూర్చోగలగాలి అంది. మంచం పట్టిన వాళ్లకు ఈ డబ్బు వర్తించదు. అర్హత లేదని రాసుకోవాలి, దానికి కూడా ముఖ్య సంరక్షకుల సంతకం ఉండాలి.

"నువ్వే పెట్టు. అమ్మ నీ తాన్నే ఉంటది గద," అంది అక్క. కాగితం వైపు చూడను కూడా లేదు.

పెట్టాను. పిల్ల ఫైలు మూస్తూ, ఎట్లయింది మేడం అని అడిగింది. నాకంటే ముందే అక్క చెప్పింది, తను వేసిన గోలీతోనే ఇట్లయిందని, ఈ పాపం తనదేనని. పిల్ల అక్క వైపు కాదు, నా వైపు చూసింది.

"ఆ రోజు మీరు ఫోన్ చేసిన్రా మేడం?"

"చేశాను. ఎత్తలేదు," అన్నాను.

అక్క చప్పున తన ఫోను తీసి చూసుకుంది, ఏడాది కిందటి కాల్ అందులో ఇంకా ఉన్నట్టు. కాసేపు కిందికీ పైకీ వేలితో జరిపింది. తర్వాత పక్కన పెట్టేసి, ఆ పొద్దు వడ్ల మిల్లు కాడ ఉన్ననేమో, చప్పుడుల ఇనపడలేదేమో అని మెల్లగా అంది. నేను అవునేమో అన్నాను.